వెళ్ళిపోయినవాళ్ళు నలభై ఒక్కరు

కాట్‌బస్,
12 నవంబర్ 2020

ఫర్హాకి,

క్షేమమా అని అడగను. బెర్లిన్‌లో ఇంట్లో కూర్చుని పనిచేసుకునేదానివి, క్షేమంగానే ఉంటావు. ఫోను ఎత్తితే రెండో నిమిషానికల్లా పోట్లాడుకుంటాం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పోయిన ఆదివారం ఫోను పెట్టేసింది నువ్వా నేనా అన్నది ఇంకా తేలలేదు. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు వినక తప్పదు.

ఇంకో కారణం కూడా ఉంది. మా వృద్ధాశ్రమంలోకి బయటివాళ్ళను రానివ్వడం లేదు. పిల్లలూ మనవలూ ఉత్తరాలు రాస్తున్నారు. కళ్ళు సరిగ్గా కనబడని వాళ్ళకు వాటిని చదివి వినిపించడం నర్సులకు పడింది. హైదరాబాదులో జర్మన్ క్లాసులో నీ పక్కన కూర్చుని ఏడ్చిన ఊర్మిళ ఇప్పుడు జర్మన్ అవ్వలకు జర్మన్ ఉత్తరాలు చదువుతోంది. రోజూ చదివి చదివి నాకూ ఒకటి రాయాలనిపించింది.

మొన్న మార్చిలో మా కోసం బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు గేటు ముందు మనుషులు కావాలని బోర్డు పెట్టారు, 'ఫ్లేగెక్రాఫ్టె' అని. వీళ్ళ భాషలో పనిచేసే మనిషిని క్రాఫ్ట్ అంటారు కదా, అంటే బలం. వరసగా ఆరు డ్యూటీలు చేశాక ఈ బలాన్ని ఒకసారి వచ్చి చూసిపో.

అసలు సంగతికి వస్తాను. మా తమ్ముడు కమలాకర్ లిబియాలోనే చిక్కుకుపోయాడు. దక్షిణాన ఎడారి పట్టణంలో ఆసుపత్రి, ఆరు డయాలిసిస్ మిషన్లు, ఇరవై రెండుమంది రోగులు. ఆ మిషన్లు నడపడం వచ్చినవాడు వాడొక్కడే. వాడి ఉద్యోగ ఒప్పందం మార్చిలోనే అయిపోయింది. ముందు యుద్ధమని విమానాలు లేవు, తర్వాత కరోనా అని లేవు. రారా అంటే, "నేనొస్తే వీళ్ళకెవరుంటరక్కా? వారానికి మూడుసార్లు రక్తం కడగకపోతే సచ్చిపోతరు" అంటాడు. మెట్‌పల్లిలో మా అమ్మ నన్ను తిడుతుంది, వాడిని తిట్టదు.

పోయిన నెల కాల్పుల విరమణ మీద సంతకాలయ్యాయని టీవీలో చూశాను. మూడు నెలల్లో విదేశీ సైనికులందరూ, కిరాయి సైనికులందరూ ఆ దేశం వదిలి వెళ్ళాలట. అంటే జనవరి 23. నువ్వు ఆ చర్చల్లోనే అరబీ అనువాదం చేస్తున్నావు కదా. నిజంగా వెళ్తారా? వెళ్తే దారులు తెరుచుకుంటాయి, వాడి స్థానంలో ఇంకొకడు వస్తాడు, వీడు ఇంటికి పోతాడు. నాకు కావలసింది అంతే. రహస్యాలు చెప్పమనడం లేదు. అవును, కాదు అను చాలు.

ఊర్మిళ

*

బెర్లిన్,
9 డిసెంబర్ 2020

ఊర్మీ,

ఫోను పెట్టేసింది నువ్వే. రాసిపెట్టుకో.

నీ ప్రశ్నకు అవును అనలేను, కాదు అనలేను. నోరు విప్పనని కాగితం మీద సంతకం పెట్టాను కాబట్టి కాదు, నాకే తెలియదు కాబట్టి. నేను పనిచేసేది మధ్యవర్తిగా ఉన్న ఒక సంస్థకు. చర్చలన్నీ కంప్యూటరు తెర మీదే. నిన్న మూడు గంటల సమావేశంలో గంటకు పైగా ఒక్క మాట మీద నడిచింది. 'వెళ్ళిపోవాలి' అని రాయాలా, 'వెళ్ళిపోవడం అభిలషణీయం' అని రాయాలా? అక్కడ సైన్యాన్ని దించిన దేశాల ప్రతినిధులు కూడా ఆ తెర మీదే ఉంటారు. ఒక్కొక్కరూ గొంతు సవరించుకుని "విదేశీ జోక్యం ఆగాలి" అంటారు. ఎవరి జోక్యం అన్నది ఎవరూ అడగరు. ఆ మాటను అరబీలో, అదే మర్యాదతో నేను చెప్పాలి. చెప్పాక నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

అయినా ఒక మంచి పని జరిగింది. ఏ ఊరి నుంచి ఎంతమంది విదేశీ బలగాలు వెళ్ళిపోయాయో అక్కడి కమిటీలు రాసి పంపడానికి ఒక ఫారం తయారుచేశారు. పోయిన వారం దాన్ని జర్మన్ నుంచి అరబీలోకి మార్చింది నేనే. పదకొండు పేజీలు, ఒక్క మధ్యాహ్నంలో కావాలన్నారు. చేసిచ్చి చివరి పేజీ మీద నా ముద్ర వేశాను. కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకురాలిని కదా, నా ముద్ర ఉంటే ఆ కాగితానికి విలువ. ఇన్ని నెలల మాటల్లో మనుషులను లెక్కపెట్టే కాగితం ఇదొక్కటే. గర్వంగా ఉందని నీకు చెప్పుకుంటే తప్పేం లేదు.

మా ఆయన మసూద్ వోల్ఫ్స్‌బర్గ్ నుంచి శుక్రవారాలు వస్తాడు. కార్ల సాఫ్ట్‌వేర్ తప్ప వేరే మాట లేదు. మా పర్మనెంట్ కాగితాలకు వీసా ఆఫీసులో ఏప్రిల్ 20న టెర్మిన్ దొరికింది. అప్పటిదాకా నా కాంట్రాక్టు నిలవాలి, ఏదైనా మాట జారి చెడగొట్టకు అని వచ్చినప్పుడల్లా గుర్తు చేస్తాడు.

కమలాకర్‌కు ఫర్హక్క అడిగిందని చెప్పు. జనవరి 23 దాకా బయట తిరగొద్దని చెప్పు.

ఫర్హా

*

కాట్‌బస్,
2 ఫిబ్రవరి 2021

ఫర్హా,

వాడిని తీసుకుపోయారు.

జనవరి 21, గురువారం. నీ గడువుకు రెండు రోజుల ముందు. పది రోజులు వాడి ఫోను మోగలేదు. నిన్న ఎవడో కాపలావాడి ఫోను నుంచి ఆరు నిమిషాలు మాట్లాడాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"అక్కా, పొద్దుగాల తుపాకులోళ్ళు లిస్టు పట్టుకొచ్చిన్రు. విదేశపోళ్ళందరూ బయటికి రావాలన్నరు. మిషన్ మీద ఇద్దరున్నరు, ఆగుమన్న నేను. ఆగలే. మా దవాఖాన్ల తొమ్మిదిమందిమి, నర్సులు, ల్యాబోళ్ళు. నీళ్ళ ప్లాంటుకాడి వెల్డర్లు, ఊడ్చేటోళ్ళు, అందరు కలిసి నలభై ఒక్కమంది. బస్సెక్కించి ఫోటోలు తీసిన్రు. ఊరు దాటినంక బస్సు తిప్పి పాత ఏర్‌పోర్టు షెడ్డుల పెట్టిన్రు. ఇక్కడ్నే ఉన్నం. ఎందుకో ఎవ్వడు చెప్తలేడు."

ఆసుపత్రి గేటు దగ్గర ఏడాదిగా కాపలా కాస్తున్న వేరే దేశపు సైనికులు ఏమయ్యారని అడిగాను. "ఆడనే ఉన్నరు. మేం బస్సెక్కుతాంటే సూసిన్రు" అన్నాడు.

నిన్నటి నుంచి ఎన్ని ఆఫీసులకు ఫోన్ చేశానో నాకే గుర్తులేదు. ఢిల్లీకి చేశాను, ఇక్కడ చేశాను, ఆసుపత్రికి మనుషులను పంపిన ఏజెన్సీకి చేశాను. అందరి దగ్గరా ఒక జాబితా ఉంది. ఆ జాబితా ప్రకారం కమలాకర్ జనవరి 21న లిబియా వదిలి వెళ్ళిపోయాడు. "వెళ్ళిపోయినవారిని అక్కడ ఎలా వెతకమంటారు మేడమ్?" అని ఒకాయన చాలా ఓపికగా అడిగాడు. నిన్న నాతో ఫోనులో మాట్లాడాడయ్యా అంటే, ఎక్కడి నుంచి మాట్లాడాడో ఆధారం ఉందా అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోతోంది. సైనికులు వెళ్ళాలి అని ప్రపంచమంతా కూర్చుని చెప్తే, సిరంజీలు పట్టుకునే వాళ్ళను బస్సెక్కించారు. దాన్ని ఫోటో తీశారు. ఎవరికి చూపించడానికి? మీకే కదా. నీ ఆఫీసులో అడుగు. వెంటనే అడుగు.

ఊర్మిళ

*

బెర్లిన్,
11 ఫిబ్రవరి 2021

ప్రియమైన ఊర్మిళకు,

నీ ఉత్తరం అందింది. కమలాకర్ విషయం తెలిసి చాలా బాధ కలిగింది. సంబంధిత విభాగంలో విచారిస్తున్నాను. ఇలాంటి విషయాల్లో సమాచారం నిర్ధారణ కావడానికి సమయం పడుతుంది. అమ్మకు ధైర్యం చెప్పు. నీ ఆరోగ్యం చూసుకో.

ఫర్హా

*

కాట్‌బస్,
3 మార్చి 2021

ఫర్హా,

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ఎవరు రాశారది? పదిహేనేళ్ళలో నన్ను 'ప్రియమైన ఊర్మిళ' అని నువ్వు ఎప్పుడూ పిలవలేదు. 'సంబంధిత విభాగం' ఏమిటి? నేను కరెంటు కనెక్షన్‌కు అర్జీ పెట్టుకున్నానా?

అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. నీ మీద అలాంటి అనుమానం రావడం నాకు అలవాటు లేదు.

పోయిన శనివారం కమలాకర్ ఆ కాపలావాడి ఫోను నుంచే ఒక ఫోటో పంపాడు. షెడ్డులో వాళ్ళందరి చేత సంతకాలు పెట్టించుకున్న కాగితం, దాని చివరి పేజీ. అరబీలో ఉంది. మా దగ్గర పనిచేసే సిరియా అమ్మాయి చేత చదివించాను. ఆ అమ్మాయి చదివి, "ఇందులో సైనికుల మాటే లేదే. 'దేశం విడిచి వెళ్ళిన విదేశీ పనివారి సంఖ్య' అని ఉంది. పనివాళ్ళు, మనలాంటివాళ్ళు" అంది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే.

కాగితం కింద గుండ్రటి ముద్ర ఉంది. జిరాక్సు తీసి తీసి మసకబారింది. ఆ ముద్ర చదవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. అది జర్మన్‌లో ఉంది, అందులో నీ పేరుంది.

బలగాలను లెక్కపెట్టే కాగితమని, గర్వంగా ఉందని నువ్వు రాసిన డిసెంబర్ ఉత్తరం నా ముందుంది. సైనికులు అని రాయాల్సిన చోట పనివాళ్ళు అని ఎలా రాశావు? ఎప్పుడు తెలిసింది నీకు? ఫిబ్రవరిలో నాకు ఆ ఉత్తరం రాసేటప్పటికి తెలుసా, తెలియదా? ఈసారి అవునో కాదో చెప్పు.

ఊర్మిళ

*

బెర్లిన్,
8 మార్చి 2021

ఊర్మీ,

తెలుసు.

నీ ఫిబ్రవరి ఉత్తరంలో 'విదేశపోళ్ళందరూ' అన్న మాట చదవగానే లేచి ఫైలు తెరిచి చూశాను. ఆ మాట ఉంది. ఒకచోట కాదు, పద్నాలుగు చోట్ల. ఆ తర్వాత వారం రోజులు నీకేం రాయాలో తెలియక ఆ చెత్త ఉత్తరం రాశాను. సిగ్గుగా ఉంది.

ఎలా జరిగిందో చెప్తాను, సాకు కోసం కాదు. అనువాదకుల దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఒకసారి అనువదించిన మాటను అది దాచుకుంటుంది. మళ్ళీ ఆ మాట వస్తే పాత అనువాదాన్ని తానే నింపి చూపిస్తుంది. సరే అనుకుంటే ఒక మీట నొక్కుతాం. పోయిన ఏడాదంతా నేను జర్మన్ ఆసుపత్రుల కోసం అరబ్ నర్సుల ఉద్యోగ కాగితాలు అనువదించాను. కరోనాలో మనుషులు చాలక గుట్టలుగా వచ్చాయి. వాటిలో 'విదేశీ క్రాఫ్టె' అంటే విదేశీ సిబ్బంది, అరబీలో 'కువా ఆమిలా'. ఈ ఫారంలోనూ జర్మన్‌లో అదే మాట, 'విదేశీ క్రాఫ్టె'. ఇక్కడ దాని అర్థం సైన్యం. అరబీలో 'కువ్వాత్' అని రాయాలి. జర్మన్‌వాడికి నువ్వూ క్రాఫ్టే, సైనికుడూ క్రాఫ్టే. సాఫ్ట్‌వేర్ పద్నాలుగుసార్లు పాత మాట నింపింది. పద్నాలుగుసార్లు నేను మీట నొక్కాను. అరబీ వచ్చిన రెండో మనిషి దాన్ని సరిచూడాలి. టైము లేదని చూడలేదు.

ఆ ఊళ్ళో తుపాకులు పట్టుకున్నవాళ్ళు అమాయకులని మాత్రం అనుకోకు. అడుగుతున్నది ఎవరినో వాళ్ళకు బాగా తెలుసు. తమకు కావలసిన సైనికులను ఉంచుకుని, అక్కర్లేని వాళ్ళను లెక్క చూపించడానికి నా కాగితం వాళ్ళకు పనికొచ్చింది. వాళ్ళు నింపిన ఫారం జర్మన్‌లోకి తిరిగొచ్చినప్పుడు 'వెళ్ళిపోయిన విదేశీ క్రాఫ్టె: 41' అయింది. బెర్లిన్‌లో చదివినవాళ్ళకు అది నలభై ఒక్కమంది సైనికులు.

ఫిబ్రవరి 15న మా విభాగాధిపతి హెర్ లింట్నర్‌కు అంతా చెప్పాను. అరవకుండా, అడ్డు రాకుండా విన్నాడు. చివర, "ఈ మూడు నెలల్లో మేం చూపించగలిగింది ఆ నలభై ఒకటి ఒక్కటే. మిగతా ఊళ్ళన్నీ ఖాళీ ఫారాలు పంపాయి. ఇప్పుడు ఇది తప్పు అంటే ఎవరు మమ్మల్ని నమ్ముతారు? సంధి చాలా సున్నితంగా ఉంది" అన్నాడు. షెడ్డులో మనుషులున్నారు అన్నాను. "మా పత్రాల ప్రకారం వారు వెళ్ళిపోయారు" అన్నాడు. పైగా ఆ ఫారం రహస్య పత్రమట, బయటపెడితే కాంట్రాక్టు రద్దు.

ఊర్మీ, ఏప్రిల్ 20 దాకా ఆగగలవా? మా టెర్మిన్ అయిపోనీ. ఆ తర్వాత ఏది రాయమంటే అది రాసి ముద్ర వేసిస్తాను. ఆరు వారాలు.

ఫర్హా

*

కాట్‌బస్,
12 మార్చి 2021

ఫర్హా,

ఆగను.

నీ ఆరు వారాలు నువ్వు సోఫాలో గడుపుతావు. వాడు రేకుల షెడ్డులో గడపాలి. ముప్పై తొమ్మిదిమంది మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక్క కుళాయి. నిన్నటి ఫోనులో, "అక్కా, మేం పోయినమని రాసుకున్నరట గదా. ఇగ మమ్ముల ఏం చేసినా అడిగెటోడు లేడన్నట్టు" అన్నాడు. తమాషాగా అన్నట్టే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పొరపాటున మీట నొక్కావు. నర్సుని నేను, అలసిపోయినవాళ్ళు పొరపాటు చేస్తారని నీకంటే ఎక్కువ తెలుసు. మా దగ్గర ఎవరైనా తప్పు మందు ఇస్తే ఏం చేస్తామో తెలుసా? ముందు డాక్టరును పిలుస్తాం. మనిషి బతుకుతాడా అని చూస్తాం. ఉద్యోగం గురించి తర్వాత ఏడుస్తాం. నువ్వు తప్పు మందు ఇచ్చి, కేసు షీటు దాచిపెట్టి, నా టెర్మిన్ అయ్యాక చెప్తానంటున్నావు.

మీ లింట్నర్ మీద కోపం ఉంది. సైనికులను పంపి, మళ్ళీ తామే విదేశీ సైన్యాలు వెళ్ళాలని ఉపన్యాసాలిచ్చేవాళ్ళ మీద ఇంకా కోపం ఉంది. కానీ వాళ్ళెవరూ నాకు తెలియదు. నాకు తెలిసింది నువ్వు. అందుకే కోపమంతా నీ మీదే వస్తోంది.

వాడు సైనికుడు కాదు, వాడు ఆ దేశం వదల్లేదు. ఈ రెండు మాటలు ముద్రతో చెప్పగల మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

ఊర్మిళ

*

బెర్లిన్,
29 మార్చి 2021

ఊర్మీ,

రాయొద్దన్నావు. చెప్పేశాను కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం మసూద్ ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. తర్వాత, "ఫర్హా, నువ్ సంతకం పెడితే మన కాగితాలు ఏమైతయ్, ఆలోచించినవా?" అన్నాడు. ఆలోచించాను అన్నాను. "మళ్ళా మొదటికొస్తం." అవును అన్నాను. కాసేపు కిటికీ దగ్గర నిలబడి, "ఆ నలభై ఒక్కమంది పేర్లు నాకియ్యి, టైపు చేస్త. నువ్ పేర్లల్ల తప్పులు చేస్తవ్" అన్నాడు. పదేళ్ళ కాపురంలో ఆయన మీద ఇంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. ఆయనకు చెప్పలేదులే.

మార్చి 19న ప్రమాణపత్రం రాశాను. ఎడమ వైపు జర్మన్ మాట, కుడి వైపు నేను రాసిన తప్పు మాట, దాని కింద రాయవలసిన మాట. పద్నాలుగు చోట్లకూ వరసగా. ఈ తప్పు నాది, ఈ ఫారంలో పేర్లున్న నలభై ఒక్కరూ సైనికులు కారు, వాళ్ళు దేశం విడిచి వెళ్ళారనడానికి ఈ కాగితం ఆధారం కాదు అని రాసి, సంతకం పెట్టి ముద్ర వేశాను. రెండు పక్షాల ఉమ్మడి కమిటీకి, ఆ మనుషుల నాలుగు దేశాల ప్రభుత్వాలకు, ఆసుపత్రికి, ఇద్దరు విలేకరులకు పంపాను. ఆఖరి ప్రతి మా ఆఫీసుకు. నేను చెప్పకముందే ఇంకెవరి ద్వారానో తెలిసిందని లింట్నర్ అనకూడదని, పంపిన రోజే ఫోన్ చేసి చెప్పాను.

తెర మీద సమావేశం పెట్టారు. ఏడుగురు నావైపు చూస్తున్నారు. ఒకావిడ, పెద్ద దౌత్యవేత్త, "మీ వ్యక్తిగత భావోద్వేగం వల్ల శాంతి ప్రక్రియకు ఎంత నష్టమో గ్రహించారా?" అంది. నేను ఇన్నేళ్ళూ ఇతరుల మాటలే చెప్పాను ఊర్మీ. మొదటిసారి సొంత మాట చెప్పాను. "వెళ్ళవలసినవాళ్ళు గేటు దగ్గరే ఉన్నారు. రక్తం శుద్ధి చేసేవాడు షెడ్డులో ఉన్నాడు. మీరు దీన్ని పురోగతి అని రాశారు. దానికి నష్టం జరిగితే జరగనివ్వండి" అన్నాను.  

కాంట్రాక్టు ఆ సాయంత్రమే రద్దయింది. రహస్యం బయటపెట్టినందుకు ముద్ర తిరిగి ఇవ్వమని కోర్టు నుంచి నోటీసు వస్తుందట. టెర్మిన్‌కు వెళ్తాం, ఏమంటారో చూడాలి. భయంగా ఉంది. నీ ఫిబ్రవరి ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఉన్న సిగ్గు మాత్రం కొంచెం తగ్గింది.

నన్ను క్షమించమని ఇప్పుడు అడగను. వాడు ఇంటికి చేరాక అడుగుతాను.

ఫర్హా

*

కాట్‌బస్,
14 జూన్ 2021

ఫర్హా,

వాడు ఇంటికి చేరాడు.

మే నెలాఖరులో షెడ్డు తలుపు తీశారట. కమిటీవాళ్ళు ఇద్దరు వచ్చి, నీ కాగితం చేతిలో పెట్టుకుని ఒక్కొక్కరి పేరు పిలిచి, నువ్వేం పని చేస్తావని అడిగారట. వీడు డయాలిసిస్ అంటే, రాసుకుని, "మరి ఇన్నాళ్ళూ ఇక్కడెందుకున్నావ్?" అన్నారట. ఆ ప్రశ్న విని నలభై ఒక్కమందీ నవ్వారని చెప్పాడు. హైదరాబాదులో దిగాక క్వారంటీన్, తర్వాత మెట్‌పల్లి. పదిహేను కిలోలు తగ్గాడు. అమ్మ ఇప్పుడు వాడిని తిడుతోంది, ఎందుకు పోయావని. అంటే అంతా బాగున్నట్టే.

ఇన్నాళ్ళు నీకు రాయలేదు. ఏప్రిల్‌లోనే రాయాలనుకున్నాను. వాడు రాకముందు రాస్తే మళ్ళీ తిట్టేదాన్ని. వాడు వచ్చాక కూర్చుంటే ఏం రాయాలో తోచలేదు. నీ మీద కోపం పోయిందా అంటే మొత్తం పోలేదు. ఫిబ్రవరి 2 నుంచి మార్చి 19 దాకా నలభై అయిదు రోజులు. అవి గుర్తొచ్చినప్పుడల్లా మండుతుంది. అయినా ఆ ముద్ర నువ్వు వేసి ఉండకపోతే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు. రెండూ నిజమే, రెండూ నాలో ఉంటాయి. మీ టెర్మిన్ సంగతి మసూద్ బావకు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇంకో ఏడాది తాత్కాలిక కాగితాలిచ్చారట కదా. ఆ మాట నువ్వు నాకు చెప్పలేదు.

ఇంకొకటి చెప్పాలి. నిన్న వీడియోలో వాడు సరిగ్గా మాట్లాడలేదు. అమ్మ బయటికి వెళ్ళాక చెప్పాడు. జనవరి 21న వాళ్ళను తీసుకుపోయాక ఆ ఆరు మిషన్లు నడపడానికి ఎవరూ లేరు. పందొమ్మిదిమందిని బంధువులు ఎలాగో రెండు రోజుల ప్రయాణంలో వేరే ఊరికి చేర్చారు. ముగ్గురిని చేర్చలేకపోయారు. సాలిమా, బడిలో లెక్కలు చెప్పేదట. అబ్దుల్ కరీం, ముసలాయన, వీడికి ఖర్జూరాలు తెచ్చేవాడు. హనీన్, పదిహేడేళ్ళ పిల్ల. ఆ రోజు మిషన్ మీద ఉన్న ఇద్దరిలో ఒకతి హనీన్. పైపులు తీసేయమని తుపాకీ చూపించారట. వీడే తన చేత్తో తీశాడు.

"అక్కా, మేం నలభై ఒక్కమందిమి ముందు పోయినోళ్ళ లెక్కల ఉంటిమి, ఇప్పుడు తిరిగొచ్చినోళ్ళ లెక్కల ఉన్నం. ఆ ముగ్గురు ఏ లెక్కల ఉన్నరు? ఫర్హక్కను అడుగు" అన్నాడు.

అడిగాను. చెప్పు.

ఊర్మిళ

*

బెర్లిన్,
5 జూలై 2021

ఊర్మీ,

పోయిన నెల 23న ఇక్కడ మళ్ళీ పెద్ద సమావేశం జరిగింది. విదేశీ బలగాలన్నీ ఆలస్యం లేకుండా వెళ్ళిపోవాలని మళ్ళీ రాశారు. ఆ రోజు నేను ఇంట్లో కూర్చుని టీవీలో చూశాను. వీధులు మూసేశారు, మాస్కులు పెట్టుకుని ఫోటోలు దిగారు.

మా పాత ఆఫీసు దిద్దిన నివేదికను బయటపెట్టింది. ఆ పట్టణం నుంచి వెళ్ళిపోయిన విదేశీ బలగాలు: సున్నా. కింద చిన్న అక్షరాల్లో 'అనువాద కారణాల వల్ల సవరించబడింది' అని ఉంది. అంటే సైనికులు వెళ్ళకపోవడానికి కూడా అనువాదమే కారణమన్నట్టు. చదివి చాలాసేపు గదిలో ఒక్కదాన్నే గట్టిగా తిట్టాను, తెలుగులోనూ ఉర్దూలోనూ.

కమలాకర్ అడిగిన మాటకు జవాబు: ఆ ముగ్గురూ ఏ లెక్కలోనూ లేరు. నీ ఉత్తరం అందిన మర్నాడే పేర్లు, వయసులు, తేదీలు అరబీలో, జర్మన్‌లో రాసి నివేదికకు చేర్చమని పంపాను. వారానికి జవాబొచ్చింది. 'ఈ వ్యక్తులు స్థానికులు. విదేశీ బలగాల ఉపసంహరణ ఫారంలో వీరికి వర్తించే గడి లేదు.' ఫారం తీసుకుని, కింద స్కేలుతో ఒక గడి గీసి, 'ఉపసంహరణ వల్ల మరణించినవారు' అని పైన రాసి, మూడు పేర్లూ అందులో పెట్టి మళ్ళీ పంపాను. శుక్రవారం తిరిగొచ్చింది. ఈసారి జవాబు కూడా లేదు, కవరు మాత్రం మార్చారు.

వచ్చే వారం గురువారం మూడోసారి పంపుతున్నాను. ముద్ర పోయిన నెలలోనే కోర్టుకు ఇచ్చేశాను, కాబట్టి ఇక సంతకాలతోనే పంపాలి. నాది పెట్టాను. మసూద్ పెట్టాడు. నీది కావాలి. మీ సిరియా అమ్మాయి పెడతానంటే ఆమెది కూడా. కాగితం ఇందులోనే ఉంది, ఆ బుధవారంలోగా నాకు చేరేలా పోస్టు చెయ్యి.

మొదటి గీత ఖాళీగా వదిలాను, చూడు. అది కమలాకర్‌కు. మెట్‌పల్లి నుంచి సంతకం ఫోటో తీసి పంపమను, నేను అతికిస్తాను. వాళ్ళు బతికుండగా చూసినవాడు మనలో వాడొక్కడే.

ఫర్హా